బాల్కనీలో విన్న మాట

ఎల్బీ నగర్‌లో నా స్నేహితుడి చుట్టాలందరూ ఒక మాట నమ్ముతారు. వాడికి పక్షవాతం రావడానికి కారణం వాడి భార్య నోరేనని. మైసూరులో ఉన్న మనిషికి ఫోన్ చేసి తిట్టిందని, ఆ తిట్లకు బీపీ పెరిగి మెదడులో రక్తం గడ్డకట్టిందని. పెళ్లిళ్లలో ఆమె కనబడితే పక్కకు తిరిగి ఇదే చెప్పుకుంటారు. ఆమె మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే అంటోంది: "దవాఖానకు తీస్కపొమ్మని చెప్పిన. అన్నకే చెప్పిన."

ఆమె అన్నా అని పిలిచేది నన్నే. ఆమె చెప్పింది నిజం. నేను విన్నాను, విని వినలేదన్నాను. ఆమె మాట ఆమెకు తిరిగి దక్కాలని ఇదంతా రాస్తున్నాను. నా పేరు ఎటూ మిగలదు. మిగలాలని ఆశ కూడా లేదు.

మేం నలుగురం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్లో గవర్నమెంటు ఉద్యోగం కోసం చదువుతూ కలిశాం. ఆ ఉద్యోగం మాలో ఒక్కరికీ రాలేదు. నేను అదే వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పే పనిలో చేరిపోయాను. ఒకడు బ్యాంకులో చేరాడు. ఇంకొకడు కొత్తపేటలో బైకుల స్పేర్ పార్టుల షాపు పెట్టుకున్నాడు. నాలుగోవాడు, ఇప్పుడు నేను చెబుతున్నవాడు, ఎల్బీ నగర్ పాత ఊరివాడు. వాళ్ల నాన్న జొన్న పండించిన చేలమీద ఇప్పుడు అపార్ట్‌మెంట్లు నిలబడి ఉన్నాయి. అన్నతో కలిసి ప్లాట్ల వ్యాపారం చూసుకునేవాడు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ణి గనక నన్ను ఏడిపించడం వాడికి రోజువారీ పని.

"మీ ఆంధ్రోళ్లది ఏం అన్నంరా అది? ముందుగాల కారప్పొడి కలుపుతరు, ఎనక నెయ్యి పోస్తరు. మంట పెట్టుడెందుకు, ఆర్పుడెందుకు?"

"మీరు మాత్రం? మటన్ లేకపోతే దాన్ని పండగే అనరు కదరా."

"అనం. ఎందుకంటం?"

వాడి భార్యకూ నా భార్యకూ మా స్నేహంతో పనిలేని స్నేహం ఒకటి ఉండేది. ఆమె సర్వపిండి చేస్తే స్టీలు డబ్బాలో మా ఇంటికొచ్చేది. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని నా భార్య అందులో గోంగూర పచ్చడి పెట్టి పంపేది. ఒక్కోసారి డబ్బా ఎవరిదో ఇద్దరికీ గుర్తుండేది కాదు. వాళ్లకు పిల్లలు లేరు. ఆ సంగతి వాడు ఎన్నడూ ఎత్తేవాడు కాదు. వాళ్లమ్మ ఎత్తని రోజు ఉండేది కాదు. కోడలు కన్నీళ్లు పెట్టుకుంటే వాడు వంటింట్లోకి వెళ్లి, "ఏం, ఉల్లిగడ్డ కోస్తున్నవా?" అనేవాడు. ఆమె నవ్వేసేది. వాడు అలాంటివాడు.

మైసూరు వెళ్దామన్న ఆలోచన నాది. వాడే మమ్మల్ని లాక్కెళ్లాడని తర్వాత అందరూ అనుకున్నారు, నేను కాదనలేదు. అక్కడి రాజభవనానికి ఆదివారం సాయంత్రం దీపాలు వెలిగిస్తారు. వేలకొద్దీ బల్బులు ఒక్కసారిగా వెలిగి, కాసేపుండి ఆరిపోతాయి. మా వీధి చివర బట్టల షాపువాడు ఇచ్చిన క్యాలెండర్లో ఆ బొమ్మ ఉండేది. ఎంట్రన్స్ పరీక్షల కాలమంతా గొంతు పోయేలా పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి మోటారు వేసి, ట్యాంకు నిండిందా లేదా అని మెట్లెక్కి దిగుతూ ఆ బొమ్మ చూసేవాణ్ణి. నా జీవితంలో నేను కావాలని కోరుకుని వెళ్లిన చోటు ఒక్కటీ లేదనిపించేది. ఇప్పుడు చెబుతుంటే చిన్నపిల్లవాడి కోరికలా ఉంది. అప్పుడు మాత్రం గుండెల్లో ఇరుక్కున్న కోరిక.

వాడు మొదట రానన్నాడు.

"జర తల తిరిగినట్టయితుందిరా. డాక్టరు బీపీ గోలీ మార్చిండు. మీరు పోయి రాండ్రి."

"గోలీ సంగతి కాదులే. పెళ్లాం పర్మిషన్ ఇవ్వలేదని చెప్పు."

మిగతా ఇద్దరూ పెద్దగా నవ్వారు. ఆ నవ్వు కోసమే అన్నాను. వాడు మర్నాడు సంచి సర్దుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం కాచిగూడలో రైలెక్కాం. రైలు కదలగానే షాపు మిత్రుడు ఒక రూలు పెట్టాడు. ఇంటినుంచి ఎవరికి ఫోనొచ్చినా స్పీకర్‌లో పెట్టి అందరికీ వినిపించాలి. మాకది బాగా నచ్చింది. మొదట నాకే వచ్చింది.

"ఏమండీ, గ్యాస్ బుక్ చేశారా? విక్స్ డబ్బా పక్కజేబులో పెట్టాను. పై బెర్తు ఎక్కకండి, మొన్న మంచం దిగుతూనే పడ్డారు."

బోగీ అంతా తిరిగి చూసేలా నవ్వారు. "మంచం దిగుతు పడ్డవా సారూ?" అని రాత్రి భోజనందాకా అదే పాట. వాడికి కూడా ఫోనొచ్చింది. "గోలీ ఏస్కున్నవా?" అంది ఆమె. "ఏస్కున్న తల్లీ," అన్నాడు వాడు. "తల్లీ అనకు, చూపెట్టు," అంది. వాడు ఖాళీ గోలీ పట్టీని ఫోనుకు ఎదురుగా ఊపాడు, అది వీడియో కాల్ కాకపోయినా. అంత బాగా నవ్వుకున్న ప్రయాణం మా నలుగురికీ మరొకటి లేదు. అది కూడా నిజమే కనుక రాస్తున్నాను.

ఆదివారం పొద్దున మైసూరులో దిగి, లాడ్జిలో సామాను పడేసి కొండమీద గుడికి వెళ్లొచ్చాం. మధ్యాహ్నం భోజనంలో వాడు ఒక బీరు తాగాడు. అన్నం కలుపుతుంటే ముద్ద రెండుసార్లు వేళ్ల మధ్యనుంచి జారింది. ఎవరం పట్టించుకోలేదు. గదికొచ్చి పడుకున్నాం. సాయంత్రం వాడు లేచేసరికి కుడిచెయ్యి తిమ్మిరెక్కిందన్నాడు. షాపు మిత్రుడు బామ్ రాసి, బండి కిక్కు కొట్టినట్టు ఆ చెయ్యి ఊపాడు. వాడి మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఒక్క బీరుకే గింత ఎక్కిందారా నీకు?" అన్నాడు షాపు మిత్రుడు.

అప్పుడే వాడి భార్య ఫోన్ చేసింది. వాడు ఫోన్ అందుకోబోతే చెయ్యి మంచం అంచుకు తగిలింది. బ్యాంకు మిత్రుడు తీసి, రూలు ప్రకారం స్పీకర్‌లో పెట్టాడు.

"ఏం చేస్తున్నవ్?"

వాడు ఏదో అన్నాడు. పడుకుని లేచానని చెప్పబోయాడనుకుంటాను.

"ఏందట్ల మాట్లాడుతున్నవ్? తాగినవా?"

మేం నోళ్లకు చేతులు అడ్డంపెట్టుకున్నాం.

"తాగినవ్. బీపీ గోలీలేస్కుంట తాగినవ్. సిగ్గు శరం ఉన్నదా నీకు? ఇంటికి రా, నీ సంగతి చెప్త. మీ అమ్మకు గూడ చెప్త."

"చెల్లే, మీవోడు ఫుల్లు టైటు!" అని అరిచాడు షాపు మిత్రుడు.

వాడు మళ్లీ ఏదో అనబోయాడు. అది మాటలా లేదు. అవతల ఆమె తిట్లు ఆపేసింది. "లెక్కల సారన్నకియ్యి ఫోను," అంది.

నేను స్పీకర్ ఆపి, వీళ్ల నవ్వుల్లో వినబడదని బాల్కనీలోకి వెళ్లాను. అక్కడినుంచి మిగిలింది నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు.

"అన్నా, అది తాగిన మాట కాదు. తాగితే గట్ల మాట్లాడడు, నాకెర్క. మా నాయిన పడిపొయ్యే ముంగట గిట్లనే మాట్లాడిండు. మూతి చూడన్నా, ఒక దిక్కు గుంజిందా? చెయ్యి లేస్తుందా?"

"తిమ్మిరమ్మా. చెయ్యి కిందపెట్టి పడుకున్నాడు."

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఇప్పుడే దవాఖానకు తీస్కపో. పొద్దుగూకినంక కాదు, ఇప్పుడే."

"సరేనమ్మా. తీసుకెళ్తాను."

"తీస్కపోతవ్ గదా?"

"తీసుకెళ్తా తల్లీ. నువ్వు కంగారుపడకు."

లోపలికి వచ్చాను. ఏమందని బ్యాంకు మిత్రుడు అడిగాడు. "ఏముంది, ఇంక తాగనివ్వొద్దంది," అన్నాను. వాళ్లు నవ్వారు. నేను వాడి మొహం చూశాను. ఇది రాయడానికే నాకు ఇన్నాళ్లు పట్టింది. కుడివైపు పెదవి కొస కొద్దిగా జారి ఉంది. నేను చూశాను. గదిలో వెలుతురు తక్కువ గనక అలా కనబడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను.

దీపాలు వెలిగే వేళ దగ్గరపడుతోంది. తెలియని ఊళ్లో ఆస్పత్రి వెతుక్కుంటూ వెళితే, అక్కడ కూర్చోబెడితే, ఆ పరీక్ష ఈ పరీక్ష అంటే, దీపాలు పోతాయి. రేపు రైలు. మళ్లీ ఎప్పుడొస్తాం? అదేం కాదులే, తాగాడంతే, దీపాలయ్యాక తీసుకెళ్దాం. ఇంత చిన్న లెక్క. లెక్కలు చెప్పి బతికేవాణ్ణి నేను.

వాణ్ణి కూడా తీసుకెళ్లాం. ఆటో దిగి నడుస్తుంటే కుడికాలు ఈడుస్తున్నాడు. షాపు మిత్రుడు వాడి నడకను అనుకరిస్తూ వెనకాల నడిచాడు. బాల్కనీలో విన్నది షాపు మిత్రుడికి తెలియదు. తెలిస్తే అలా చేసేవాడు కాదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను కూడా నవ్వాను.

జనంలో నిలబడ్డాం. దీపాలు వెలిగాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్క గొంతుతో కేక వేశారు. నేను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాను. వాడు నా భుజంమీదికి ఒరిగాడు. ఆనందం పట్టలేక ఒరిగాడనుకున్నాను. తర్వాత నా చొక్కా పట్టుకుని నేలమీదికి జారిపోయాడు. వంగి చూస్తే మొహంమీద పట్టపగల్లా వెలుతురు. మూతి పూర్తిగా పక్కకు పోయింది. ఇంక వెలుతురు లేదనుకోవడానికి లేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నవయసు పిల్ల. ఎప్పుడు మొదలైందని ఇంగ్లీషులో అడిగింది. సాయంత్రం నిద్ర లేచేసరికే అని చెప్పాను. ఆమె గోడ గడియారం వైపు, నావైపు చూసింది. "మరి ఇంతసేపు ఎక్కడున్నారు?" అంది. దీపాలు చూశామని చెప్పలేదు. బీపీ చాలా ఎక్కువగా ఉందని, మెదడులో గడ్డ అడ్డుపడిందని, ముందే తెచ్చి ఉంటే చేయగలిగింది ఎక్కువ ఉండేదని చెప్పింది. బ్యాంకు మిత్రుడు వాడి అన్నకు ఫోన్ చేశాడు. ఏం జరిగిందని ఆయన అడిగితే తెలిసింది తెలిసినట్టే చెప్పాడు. ఇంటినుంచి ఫోనొచ్చింది, వాడి భార్య బాగా తిట్టింది, ఆ తర్వాత పడిపోయాడని. అందులో ఒక్క అబద్ధం లేదు. సగం మాత్రమే ఉంది.

కొన్నాళ్లకు వాణ్ణి అంబులెన్సులో హైదరాబాదు తెచ్చి ఇక్కడ ఆస్పత్రిలో చేర్చారు. అప్పటికే తిట్ల కథ చుట్టాలందరికీ పాకింది. నేను వార్డులోకి వెళ్లేసరికి వాడి మంచం చుట్టూ వాళ్లమ్మ, అన్న, భార్య ఉన్నారు. భార్య చెప్పుకుంటోంది, తను మొదట తిట్టినమాట నిజమేనని, కానీ వెంటనే దవాఖానకు తీసుకెళ్లమని చెప్పానని. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. "అగో, అన్నొచ్చిండు. అన్ననే అడుగుండ్రి."

వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కొడుకా, ఇది చెప్పిందా నీకు? నా కొడుకు నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పు."

మంచం అవతల వాడి అన్న నిలబడి ఉన్నాడు. పిడికిళ్లు బిగించి లేడు, కేకలు వెయ్యలేదు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో నన్నే చూస్తున్నాడు. ఔనంటే ఆ చూపు ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పి కూడా తీసుకెళ్లలేదా, ఎందుకు తీసుకెళ్లలేదు, అప్పుడు నువ్వేం చేస్తున్నావు. ఆ మూడో ప్రశ్నకు నా దగ్గర ఒకే ఒక్క జవాబుంది.

వాడి తలమీద చెయ్యి పెట్టాను. జుట్టు నూనె లేక గరుకుగా ఉంది. వాడు కళ్లు తెరిచాడు.

"తిట్టిందమ్మా. తర్వాత నాతో ఏదో అంది గానీ ఫోన్ సరిగా వినపడలేదు. ఆస్పత్రి మాట మాత్రం చెప్పలేదు."

"అన్నా!" అంది ఆమె. అంతే. నా చెయ్యి ఇంకా వాడి తలమీదే ఉంది. వాడు నన్ను చూస్తున్నాడు. వాడికి ఎంత అర్థమైందో డాక్టర్లు చెప్పలేకపోయారు. నాకు తెలుసు, మొత్తం అర్థమైంది.

ఆ రోజు ఇంటికొస్తే నా భార్య ఇడ్లీ పిండి కలుపుతోంది. తల ఎత్తకుండా అడిగింది.

"ఆ అమ్మాయి మీకు చెప్పానంటోందట?"

"చెప్పలేదు."

"నిజమే కదండీ?"

"నిజమే అంటున్నా కదా."

ఆమె నన్ను నమ్మింది. నమ్మింది గనక అవతలామె మీద కోపం తెచ్చుకుంది. తను తిట్టి, తప్పు మా ఆయనమీద వేస్తుందా అని రాకపోకలు మానేసింది. ఆఖరుగా వచ్చిన స్టీలు డబ్బా మా ఇంట్లోనే అలమారులో ఉండిపోయింది. నా భార్య దాన్ని వాడేది కాదు, ఇచ్చిరమ్మని నాకు చెప్పేదీ కాదు.

నేను ప్రతి ఆదివారం ఎల్బీ నగర్ వెళ్లేవాణ్ణి. మానేస్తే అనుమానిస్తారని మొదట, తర్వాత మానలేక. చైతన్యపురిలో మెట్రో ఎక్కితే ఎంతసేపు, కూర్చునే లోపల వచ్చేస్తుంది. వాడు చక్రాల కుర్చీలో వరండాలో ఉండేవాడు. కుడిపక్క పనిచేయదు. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. "పా." వెళ్దాం పద అనడానికి వాడు ఎప్పుడూ అనే మాట. ఆకలైనా పా, నొప్పైనా పా. భార్య వాడికి జావ తాగిస్తూ, "పోదాం, ఇది తాగినంక పోదాం. యాడికి పోదాం చెప్పు, ట్యాంక్‌బండ్‌కా?" అని మాట్లాడేది. వాళ్లమ్మ ఆ కోడలి చేతి అన్నం తినడం మానేసి వేరే పొయ్యి పెట్టుకుంది. లోపలినుంచి కోడల్ని ఒక మాట అన్నప్పుడల్లా వాడు ఎడమచేత్తో కుర్చీ కొట్టి, నన్ను చూస్తూ, "పా! పా!" అనేవాడు. బయటికి తీసుకెళ్లమంటున్నాడని అందరూ అనుకునేవాళ్లు. నేను లేచి కుర్చీ గేటుదాకా తోసుకెళ్లేవాణ్ణి. వాడు ఇంకా గట్టిగా కొట్టేవాడు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "టీ తాగన్నా," అని కప్పు చేతికిచ్చేది. అన్నా అనడం మానలేదు.

మొన్న వానాకాలంలో వాడికి మళ్లీ బీపీ పెరిగి ఆస్పత్రిలో ఉంచారు. ఇంటికి తెచ్చాక వాడి అన్న నిర్ణయం చేశాడు. హయత్‌నగర్ దాటాక వాళ్లకున్న ఫామ్‌హౌస్‌కు తమ్ముణ్ణి తీసుకెళతారు. తల్లి, జీతానికి పెట్టిన మనిషి చూసుకుంటారు. కోడలు చౌటుప్పల్ దగ్గర పుట్టింటికి పోవాలి. ఈమె పక్కనుంటే వాడు బతకడని వాళ్ల నమ్మకం.

ఆ మర్నాడు క్లాసు అయ్యేసరికి ఆమె మా కోచింగ్ సెంటర్ మెట్లకింద నిలబడి ఉంది. పిల్లలు పుస్తకాల సంచులతో ఆమెను రాసుకుంటూ దిగుతున్నారు.

"గిన్ని దినాలు నిన్నేమన్న అన్ననా అన్నా?"

"లేదమ్మా."

"గిప్పుడు అడుగుతున్న. రేపు పెద్దమనుషులు కూసుంటున్నరు. ఒక్కసారి చెప్పు. నాకు పేరొద్దు, ఏమొద్దు. ఆయన దగ్గర ఉండనిస్తే సాలు. నేను లేకపోతే ఆయన మాట ఎవరికి తెలుస్తదన్నా? పా అంటే నీళ్లా, నొప్పా, ఎవరికి తెలుస్తది?" అక్కడే, అంతమంది పిల్లల మధ్య, ఏడ్చింది.

ఇంటికెళ్లి ముందు నా భార్యకు చెప్పాను. బాల్కనీ, ఒట్టు, అన్నీ. ఆమె పప్పు కింద మంట ఆపింది.

"నేనూ ఆమెను అన్నాను కదండీ," అంది. "వాళ్లింటి గుమ్మంలో నిలబడి, మా ఆయన్ని ఎందుకు ఇరికిస్తావు అన్నాను. మీరు నాతో ఆ మాట అనిపించారు."

మర్నాడు పొద్దున నాతో వచ్చింది. మెట్రోలో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఆడవాళ్ల పెట్టెలోకి వెళ్లి నిలబడింది.

వాళ్ల వరండాలో పదిమంది పెద్దవాళ్లు కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాడు మూలన. భార్య తలుపు దగ్గర. నేను నిలబడి చెప్పాను. ఆమె తిట్టింది మీరు విన్న మాట, తర్వాతది నేను విన్న మాట అని మొదలుపెట్టి, తన తండ్రి ఇలాగే పడిపోయాడన్నది, కాళ్లు మొక్కుతానన్నది, దీపాల కోసం నేను ఆగింది, అన్నీ చెప్పాను. ఇంక నన్ను కొట్టినా బాగుండుననుకున్నాను.

ఎవరూ కొట్టలేదు. అన్న తాపీగా అడిగాడు.

"నిన్న ఈమె నీ దగ్గరికొచ్చిందా తమ్మీ?"

"వచ్చింది."

"ఏడ్చిందట గద."

"ఏడ్చింది."

"అదన్నట్టు సంగతి," అని పెద్దల వైపు తిరిగాడు. "ఏడిస్తే మనసు కరిగింది. మంచోడు, ఆదివారం తప్పకుండ వస్తడు, పాపం తన మీదేసుకుంటుండు." ఆయన గొంతులో నామీద గౌరవం ఉంది. అదే భరించలేకపోయాను. షాపు మిత్రుడికి ఫోన్ కలిపి అందరికీ వినిపించేలా పెట్టాడు. ఆమె తిట్టడమే మేం విన్నాం, బాల్కనీలో ఏమందని అడిగితే ఇంక తాగనివ్వొద్దందని లెక్కల సారే చెప్పాడని, ఉన్నదున్నట్టే చెప్పాడు వాడు.

"అబద్ధం చెప్పాను వాళ్లకు! అప్పుడే అబద్ధం చెప్పాను!" అని అరిచాను.

వాళ్లమ్మ నెమ్మదిగా లేచి నా ముందుకొచ్చింది. "కొడుకా, ఆనాడు నా బిడ్డ నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పినవ్. ఒట్టేసి అబద్ధం చెప్పేటోనివైతే, ఒట్టు లేకుంట చెప్పేది నేనెట్ల నమ్మాలె?"

వాడి దగ్గరికి పరుగెత్తి తలమీద మళ్లీ చెయ్యి పెట్టబోయాను. వాళ్లమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "వద్దు. ఒక్కసారి పెట్టినవ్ సాలు. ఏది అబద్ధమైనా పొయ్యేది నా బిడ్డ పాణమే." మూలనుంచి వాడు కుర్చీ బాదుతూ పా, పా అంటున్నాడు. ఎన్నడూ లేనంత గట్టిగా, కళ్లనీళ్లతో. "చూడుండ్రి, వానికి గూడ పరేషానే అయితుంది. ఇగ సాలు," అని అన్న కుర్చీని లోపలికి తోసుకెళ్లాడు. తలుపు దగ్గర వాడి ఎడమచెయ్యి భార్య చీర కొంగు పట్టుకుంది. అన్నే వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశాడు, మెత్తగానే.

మర్నాడు వాణ్ణి తీసుకెళ్లారు. ఆమె అన్న వచ్చి ఆమెను చౌటుప్పల్ తీసుకెళ్లాడు. ఆ తర్వాత నేను రెండుసార్లు ఫామ్‌హౌస్‌కు వెళ్లాను. మొదటిసారి లోపలికి రానిచ్చారు. వాడు చిక్కిపోయాడు. పా అన్నాడు. ఏం కావాలో నాకు తెలియలేదు. నీళ్లిచ్చాను, తల తిప్పేశాడు. దిండు సర్దాను, అదీ కాదు. జీతానికి పెట్టినామె, "గట్లనే అంటడు సారూ, వదిలెయ్యండి," అంది. రెండోసారి గేటు దగ్గరే, పడుకున్నాడని చెప్పి పంపేశారు.

ఇది రాద్దామనుకున్నప్పుడు ఆమెకు ఫోన్ చేసి అడిగాను. వెనకాల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు.

"రాయన్నా. గాని నన్ను మంచిదాన్ని చేసి రాయకు."

"నువ్వు చేసిన తప్పేముందమ్మా?"

"ముందుగాల తిట్టిన గద. సిగ్గు శరం ఉన్నదా అన్న. ఆయన సోయిల ఉండి విన్న నా ఆఖరి మాటలవ్వి. అవి గూడ రాయి. అవి తీసేస్తె ఎనక చెప్పింది ఎవరు నమ్ముతరు?"

రాస్తానన్నాను. రాశాను.

"ఆయనను చూసినవా?"

"చూశాను."

"ఏమన్నడు?"

వాడు ఏమన్నాడో, అది నీళ్లు కాదని, దిండు కాదని చెప్పాను. ఏ పూట, ఎటు చూస్తూ అన్నాడని అడిగింది. మధ్యాహ్నం, కాళ్లవైపు చూస్తూ అన్నాను.

"కాలు మడతపడ్డదన్నట్టు," అంది వెంటనే. "కుడికాలు. ఆయనకై ఆయన సాపుకోలేడు. మడమ కింద చెయ్యి పెట్టి సాపాలె. గుంజొద్దు. వాళ్లకు చెప్పన్నా, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు."

"సరేనమ్మా," అన్నాను.

పెట్టేసిన వెంటనే వాడి అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. బస్సెక్కి హయత్‌నగర్ దాటి వెళ్లాను. గేటు వేసి ఉంది. ఊచల్లోంచి లోపలికి కేకవేసి చెప్పాను, వాడి కుడికాలు చాపండి, మడమ కింద చెయ్యి పెట్టండి అని. వరండాలో ఎవరో తల ఎత్తి చూసి లోపలికి వెళ్లిపోయారు. చాపారో లేదో నాకు తెలియదు. చీకటి పడేదాకా అక్కడే నిలబడి చెబుతూనే ఉన్నాను.